కింది రెప్ప ఎందుకు దిగుతుంది? ఎలా లేస్తుంది?

“నల్లగుడ్డు కింద తెల్లగా సందు కనిపిస్తోంది. ఏ ఫోటోలో చూసినా నిద్ర చాలనట్టు, దిగులుగా పడుతున్నా. కింది రెప్పను కాస్త పైకి లేపే దారి ఏదైనా ఉందా?”

తిరుపతిలో, చిత్తూరులో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. అడిగేది ఆడపిల్లలే అనుకునేరు, కాలేజీ కుర్రాళ్లూ అడుగుతున్నారు. కంటి కొస పైకి ఎక్కి ఉంటే మగసిరి, కిందికి దిగి ఉంటే పిరికితనం అని రీల్స్‌లో స్కేలు పెట్టి తీర్పులు చెప్పేవాళ్లను చూసి అద్దం ముందు నిలబడుతున్నారు. యాభై దాటినవాళ్లూ అడుగుతారు గానీ వాళ్ల బాధ వేరు. కన్ను ఊరికే కారుతోందని, బండి మీద పోతే మండుతోందని వస్తారు. ఇద్దరూ వేలు పెట్టి చూపించేది ఆ ఒక్క చోటే.

జవాబు ముందే చెప్పేస్తాను. దారులు ఉన్నాయి. కానీ దిగింది రెప్పే అయినా తప్పు రెప్పది కాకపోవచ్చు. వెనకున్న కనుగుడ్డుది కావచ్చు, కిందున్న చెంప ఎముకది కావచ్చు, మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథిదీ కావచ్చు. ఆ సంగతి తేలకుండా రెప్పను బిగించమని వెళ్తే డబ్బుకు డబ్బూ పోతుంది, కన్నూ ఇంకాస్త చెడుతుంది.

అసలు ఎక్కడ ఉండాలి?

అద్దం కళ్ల ఎత్తులో పెట్టుకుని, తల వంచకుండా, ఎత్తకుండా నేరుగా చూడండి. నవ్వొద్దు, కళ్లు పెద్దవి చేయొద్దు. పై రెప్ప నల్లగుడ్డు పైభాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పుతుంది. కింది రెప్ప అంచు నల్లగుడ్డు కింది అంచును తాకుతూ ఉంటుంది, లేదంటే ఒక మిల్లీమీటరు మేర దాని మీదికి వస్తుంది. డాక్టర్లు ఇంకో కొలత కూడా తీస్తారు. టార్చి వేసినప్పుడు కనుపాప మధ్యలో వెలుగు చుక్క ఒకటి మెరుస్తుంది. అక్కడి నుంచి కింది రెప్ప అంచు దాకా సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అది పెరిగి, నల్లగుడ్డు కింద తెల్లటి పట్టీ బయటపడితే దాన్ని స్క్లీరల్ షో అంటారు.

కంటి బయటి కొస లోపలి కొసకంటే కొంచెం ఎత్తులో ఉండటం చాలామందిలో మామూలు. రెండూ సమానంగా ఉన్నవాళ్లూ, బయటిది కాస్త దిగి ఉన్నవాళ్లూ మన చుట్టూ బోలెడంత మంది. అది జబ్బు కాదు. పుట్టినప్పటి నుంచి ఒక మిల్లీమీటరు తెలుపు కనిపిస్తూ, కన్ను మంట, నీరు ఏమీ లేకపోతే దాన్నీ జబ్బు అనరు. కాళహస్తి కలంకారీలో దేవతలకైనా, రాణులకైనా కళ్లు విశాలంగా విప్పి గీస్తారు. ఆ కళ్లను ఎవరూ దిగులు కళ్లనలేదు. సగం మూసిన కన్నే గొప్పదన్న కొలత ఈ మధ్య ఫోన్లోంచి దిగింది.

ఫోన్ కెమెరాను నమ్మొచ్చా?

నమ్మకండి. ముఖానికి దగ్గరగా పెట్టి తీసే సెల్ఫీ కొలతలను మార్చేస్తుంది. 12 అంగుళాల దూరంలో తీసిన ఫోటోలో ముక్కు, 5 అడుగుల దూరంలో తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. దగ్గరగా ఉన్నది ఉబ్బుతుంది, దూరంగా ఉన్నది కుంచించుకుపోతుంది. కళ్ల విషయంలో దీనికి ఇంకోటి తోడవుతుంది. గడ్డం దించి కళ్లెత్తి చూస్తే నల్లగుడ్డు పైకి పోతుంది, రెప్ప దానితో సమానంగా లేవదు, కింద తెలుపు బయటపడుతుంది. ఈ భంగిమలో ఎవరికైనా అంతే. వేరే మనిషిని ఐదారడుగుల దూరంలో నిలబెట్టి, కెమెరా మీ కళ్ల ఎత్తులో ఉంచి తీయమనండి. సగం మంది ఇబ్బంది ఆ ఫోటోతోనే తీరిపోతుందని నా అనుమానం.

ఎందుకు దిగుతుంది?

కింది రెప్పకు తనంతట తాను నిలబడే బలం తక్కువ. దాని లోపల చిన్న గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీని రెండు చివర్లా తాళ్లలాంటి బంధకాలు ఎముకకు కట్టి ఉంచుతాయి. చుట్టూ కన్ను మూసే కండరం ఉంటుంది. కింద చెంప ఆనుకుని ఉంటుంది. వెనక కనుగుడ్డు. వీటిలో ఏది మారినా రెప్ప చోటు మారుతుంది.

ముందుగా పుట్టుక. పక్కనుంచి ఫోటో తీయించుకుని, నల్లగుడ్డు ముందు అంచు నుంచి నిలువుగా ఒక గీత గీయండి. చెంప ఎముక ఆ గీతకు వెనక్కి ఉండిపోతే, గుడ్డు కింద రెప్పకు ఆసరా తక్కువన్నమాట. కొన్ని కుటుంబాల్లో తాత, తండ్రి, మనవడు అందరికీ ఇదే వాటం. ఊళ్లో మిడిగుడ్లు అని వెక్కిరిస్తారు. దగ్గరి చూపు మాత్రమే బాగుండి, దూరానికి ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్లలో గుడ్డే పొడవుగా ఉంటుంది. మైనస్ అద్దాలు పెట్టుకున్నంత కాలం కళ్లు ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తాయి. లేజర్ చేయించుకుని అద్దాలు తీసేసిన నెలలో “నా కళ్లు బయటికొచ్చేశాయి” అని కంగారుపడతారు. కళ్లు ఎప్పుడూ అలాగే ఉన్నాయి, ఇన్నాళ్లూ అద్దం దాచింది.

తర్వాత వయసు. బయటి కొస బంధకం సాగుతుంది, కండరం పట్టు సడలుతుంది, రెప్ప పొడవు పెరిగి కిందికి జారుతుంది. ఇంకా సడలితే అంచు బయటికి తిరగబడి ఎర్రటి లోపలి పొర కనిపిస్తుంది. కొందరిలో దీనికి విరుద్ధంగా లోపలికి ముడుచుకుని వెంట్రుకలు నల్లగుడ్డును రాస్తాయి. ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. రెప్ప లోపలి కొస దగ్గర నీరు ఇంకే చిన్న రంధ్రం ఉంటుంది. రెప్ప గుడ్డును వదిలేస్తే ఆ రంధ్రం నీటిని అందుకోలేక కన్నీరు చెంప మీదికి కారుతుంది. కారిన ప్రతిసారీ తువ్వాలుతో పైనుంచి కిందికి గట్టిగా తుడుస్తాం. రెప్ప ఇంకొంచెం సాగుతుంది. ఇంకొంచెం కారుతుంది. తుడవాల్సి వస్తే మెత్తని గుడ్డతో, బయటి నుంచి ముక్కు వైపు, పైకి అద్దినట్టు తుడవండి. కుప్పం వైపు గ్రానైట్ పొడిలో పనిచేసేవాళ్లు, రోజంతా బండి మీద తిరిగేవాళ్లు కళ్లు నలుపుకోవడం మానేసి మామూలు కళ్లద్దాలైనా పెట్టుకుంటే మేలు.

మూడోది, అన్నిటికంటే తప్పిపోకూడనిది, థైరాయిడ్. గ్రేవ్స్ అనే థైరాయిడ్ జబ్బులో కంటి వెనక కొవ్వు, కండరాలు వాచి గుడ్డును ముందుకు తోస్తాయి. పై రెప్ప పైకి, కింది రెప్ప కిందికి పోయి మనిషి ఎప్పుడూ ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తాడు. పెద్దవాళ్లలో ఒక కన్ను గానీ రెండూ గానీ ముందుకు పొడుచుకొస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. బరువు తగ్గడం, గుండె దడ, చేతులు వణకడం తోడుంటే ఇక ఆలోచించక్కర్లేదు. రక్తపరీక్షలో థైరాయిడ్ మామూలుగా ఉన్నా కంటి జబ్బు రావచ్చన్నది చాలామందికి తెలియదు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో ఇది ఎక్కువగా వస్తుంది, వస్తే ముదురుతుంది. పొగ మానడం ఇక్కడ మందుతో సమానం.

దీపావళి టపాసులు, సలసల కాగే నూనె, రోడ్డు ప్రమాదం, వీటి మచ్చలు మానేటప్పుడు చర్మం ముడుచుకుని రెప్పను కిందికి లాగుతాయి. కళ్ల కింద సంచులు తీయించుకున్న సర్జరీలో చర్మం కాస్త ఎక్కువ కోసేసినా అంతే. నీటికాసులకు వాడే కొన్ని చుక్కలు ఏళ్ల తరబడి వేస్తే కంటి చుట్టూ కొవ్వు కరిగి కన్ను లోతుకు పోయినట్టు, కింద తెల్లగా కనిపించవచ్చు. అయితే అందం కోసం ఆ చుక్కలు మీరే ఆపేయకండి. పోయిన చూపు తిరిగి రాదు. మార్చగలిగే మందు ఉందేమో రాసిన డాక్టరునే అడగండి.

ఇక నరం. మొహం ఒక పక్క వంకర పోతే మనవాళ్లు గాలి తగిలిందంటారు. కన్ను మూసే నరం వాచి పనిచేయడం మానేస్తుంది, కింది రెప్ప వేలాడుతుంది. 72 గంటల్లో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో, నెలల్లో నరం తిరిగి పనిచేస్తుంది. ఆ వ్యవధిలో నాటు మందు కట్టించుకుంటూ కూర్చుంటే నరం సంగతేమో గానీ, మూతపడని కన్ను ఎండి పుండు పడుతుంది.

కరిగిరిలో ఏం జరిగింది?

మన సరిహద్దుల్లో కింది రెప్ప సర్జరీ కథ అందంతో మొదలవలేదు. చిత్తూరు దాటి కాట్పాడి వైపు పోతే కరిగిరి వస్తుంది. అక్కడ 1955లో కుష్ఠు రోగుల చికిత్సకు, పరిశోధనకు, శిక్షణకు ఆస్పత్రి పెట్టారు. వంకరపోయిన చేతులకు సర్జరీ చేసి ప్రపంచానికి తెలిసిన పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)కి వచ్చారు. ఆయన భార్య మార్గరెట్ బ్రాండ్ కంటి డాక్టరు. కుష్ఠు రోగుల కళ్ల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు.

కుష్ఠులో రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. కన్ను మూసే నరం చచ్చుబడితే కింది రెప్ప వేలాడి కన్ను మూతపడదు. స్పర్శ తెలిపే నరం కూడా పోతే నల్లగుడ్డు మీద దుమ్ము పడ్డా, ఎండిపోయినా నొప్పి తెలియదు. స్పర్శ తెలియకపోతే మనిషి రెప్ప వేయడమూ తగ్గిపోతుంది. అలా రాత్రీపగలూ తెరిచి ఉన్న కన్ను మసకబారి, తెల్లబడి చివరికి చూపు పోతుంది.

దీనికి సర్జన్లు వాడిన ఉపాయం ఇప్పుడు విన్నా ఆశ్చర్యమే. కణత దగ్గర చేయి పెట్టి పళ్లు బిగించి చూడండి, లోపల ఒక కండరం ఉబుకుతుంది. నమలడానికి పనిచేసే కండరం అది. దానికి నరం వేరు, కుష్ఠు అంతగా ముట్టుకోని నరం. ఆ కండరంలోంచి ఒక పట్టీ తీసి, కణత మీదుగా తెచ్చి, పై రెప్పలోంచి ఒకటి, కింది రెప్పలోంచి ఒకటి రెండు తీగలుగా పోనిచ్చి ముక్కు పక్కన కుట్టేస్తారు. తర్వాత రోగికి నేర్పాల్సింది ఒకటే: పళ్లు బిగించు, కన్ను మూసుకుంటుంది. తింటున్నప్పుడు దానంతట అదే మూసుకుంటుంది. మిగతా సమయంలో గుర్తుపెట్టుకుని బిగించాలి. రెప్ప చోటు మారిందంటే ముందు నల్లగుడ్డును కాపాడాలి, అందం సంగతి తర్వాత అన్న క్రమం ఈ పనిలో స్పష్టంగా కనిపిస్తుంది.

కుష్ఠును ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి తొలగించే లక్ష్యాన్ని దేశం 2005 చివర్లో చేరుకుంది. కొత్త కేసులు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ, దాంతోపాటు కన్ను పూర్తిగా మూతపడకపోవడం కనిపిస్తే ప్రభుత్వాస్పత్రికి వెళ్లండి. మందులు ఉచితం, జబ్బు నయమవుతుంది.

డాక్టర్ ఏం చూస్తారు?

మంచి డాక్టర్ కత్తి మాట ఎత్తకముందు చాలాసేపు చూస్తారు. బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగి వదిలేస్తారు, రెప్ప వేయొద్దంటారు. ఆరోగ్యంగా ఉన్న రెప్ప వెంటనే గుడ్డును హత్తుకుంటుంది. సడలినది మెల్లగా వస్తుంది, మరీ సడలినది రెప్ప వేస్తేనే వస్తుంది. తర్వాత రెప్పను రెండు వేళ్లతో పట్టి గుడ్డుకు దూరంగా లాగుతారు. ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లకు మించి వచ్చేస్తే బంధకాలు సడలినట్టు. వేలితో రెప్పను పైకి తోసి చూస్తారు. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే పరీక్ష. బయటి కొస దగ్గర తోసినప్పుడు రెప్ప చక్కగా లేస్తే బంధకం సడలినట్టు, చెంపను కూడా ఎత్తితేనే లేస్తే చర్మమో ఆసరానో చాలనట్టు, అసలు లేవకపోతే లోపల మచ్చ పట్టేసినట్టు.

గుడ్డు ఎంత ముందుకు ఉందో కొలిచే చిన్న పరికరం ఉంటుంది, రెండు కళ్ల పక్క ఎముకల మీద ఆనించి చూస్తారు. కన్ను మూయమని, రెప్పల మధ్య సందు ఉందా, మూసినప్పుడు గుడ్డు పైకి తిరుగుతోందా అని గమనిస్తారు. పసుపుపచ్చ రంగు చుక్క వేసి నీలి వెలుగులో నల్లగుడ్డు మీద ఎండిన మచ్చలున్నాయేమో వెతుకుతారు. థైరాయిడ్ అనుమానం ఉంటే రక్తపరీక్ష, కొన్నిసార్లు స్కాన్. ఇవేవీ చేయకుండా “రేపు ఖాళీ కడుపుతో రండి” అన్న చోటుకు మళ్లీ వెళ్లకండి.

సర్జరీ లేకుండా లేస్తుందా?

కొంతమేరకు, కొందరికి. కన్ను ఎండుతుంటే ముందు చుక్కలు, రాత్రి జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ. నిద్రలో కన్ను మూతపడకపోతే టేపుతో మూస్తారు, ఎలా అంటించాలో డాక్టర్ దగ్గరే నేర్చుకోండి. తప్పుగా అంటించిన టేపు నల్లగుడ్డును గీరుతుంది.

థైరాయిడ్ కంటికి దారి వేరు. హార్మోను అదుపులోకి తేవాలి, పొగ మానాలి. తేలికపాటి దశలో ఆరు నెలలు సెలీనియం వేసుకున్నవాళ్లకు మేలు జరిగిందని యూరప్‌లో చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. ఆ ప్రాంతాల నేలలో సెలీనియం తక్కువ, కాబట్టి మనకూ అంతే పనిచేస్తుందని సొంతంగా కొనుక్కోవద్దు. వాపు తీవ్రంగా ఉంటే వారం వారం సిరలోకి స్టెరాయిడ్ ఇస్తారు. చూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనిపించినా అది అత్యవసరం, అదే రోజు వెళ్లాలి.

ఫిల్లర్ల గురించి చాలామంది అడుగుతారు. హైలురోనిక్ ఆమ్లం అనే జెల్‌ను కంటి కింద ఎముక మీద సూదితో పెడితే రెప్పకు కింది నుంచి ఆసరా వచ్చి, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ లేస్తుంది. చెంప ఎముక వెనక్కి ఉన్న వయసు పిల్లల్లో ఇది ఉపయోగపడవచ్చు. దీని మంచిగుణం, నచ్చకపోతే ఇంకో సూదితో కరిగించవచ్చు. చెడ్డగుణం, పలచటి చర్మం కింద నీలంగా కనిపించొచ్చు, నెలల తరబడి ఉబ్బు ఉండొచ్చు. చాలా అరుదుగా జెల్ రక్తనాళంలోకి పోయి చూపు పోయిన కేసులు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. అందుకే బ్యూటీ పార్లర్లో, పెళ్లికి వారం ముందు, రాయితీ ప్యాకేజీలో చేయించుకునే పని కాదిది. బోటాక్స్ అయితే కింది రెప్ప కండరాన్ని ఇంకా సడలిస్తుంది. తెలుపు కనిపించేవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది.

కంటి వ్యాయామాలు, రెప్ప మీద టేపు పట్టీలు, నూనె మర్దనలు బంధకాన్ని బిగించవు. కాటుక పెట్టుకుంటే తెలుపు తక్కువగా కనిపిస్తుందన్నది నిజమే, ముచ్చటగా పెట్టుకోండి. రెప్ప చోటు మాత్రం అదే.

సర్జరీలో ఏం చేస్తారు?

బంధకం సడలినవాళ్లకు బయటి కొస దగ్గర చిన్న గాటు పెట్టి, రెప్ప లోపలి గట్టి పట్టీ చివరను వేరుచేసి, కాస్త పొట్టి చేసి, కంటి గూటి ఎముక లోపలి పొరకు కుట్టేస్తారు. ల్యాటరల్ టార్సల్ స్ట్రిప్ అంటారు. 1979లో ఆండర్సన్, గోర్డీ అనే ఇద్దరు డాక్టర్లు వివరించిన ఈ పద్ధతే ఇప్పటికీ ఎక్కువగా చేస్తున్నారు. మత్తు ఆ భాగానికే, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. వయసుతో కన్ను కారేవాళ్లకు దీంతో హాయిగా ఉంటుంది.

ఇదే సర్జరీ గుడ్డు ముందుకున్న మనిషికి చేస్తే వికటిస్తుంది. బొజ్జ ఉన్న మనిషి పంచెను ఎంత గట్టిగా బిగిస్తే అంత కిందికి జారుతుంది చూడండి, ఇక్కడా అంతే. ముందుకు పొడుచుకొచ్చిన గుడ్డు మీద రెప్పను గట్టిగా లాగితే అది గుడ్డు కిందికి జారి తెలుపు ఇంకా ఎక్కువగా బయటపడుతుంది. రీల్స్ చూసి కంటి కొస పైకి లాగించుకోవాలని వెళ్లే కుర్రాళ్లలో ఇలాంటి ముఖవాటం ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లకు కొసను కొంచెం ఎత్తులో కుట్టాలి, రెప్పకు లోపల ఎత్తు పెంచాలి, లేదంటే కింద చెంపకు ఆసరా ఇవ్వాలి. పని పెరుగుతుంది, సర్జన్ అనుభవమూ పెరగాలి.

లోపల ఎత్తు పెంచడమంటే రెప్పను కిందికి లాగే పొరలను విడదీసి మధ్యలో ఒక ముక్క పెట్టడం. ఆ ముక్క నోటి పైకప్పు నుంచి గానీ, చెవి మృదులాస్థి నుంచి గానీ తీస్తారు, లేదా తయారుగా దొరికే పొర వాడతారు. నోటి పైకప్పు నుంచి తీస్తే ఒకటి రెండు వారాలు తినడం కష్టమే. కారం మానేయాలంటే మన సీమవాళ్లకు అదో శిక్ష. చర్మమే చాలకపోతే చెవి వెనకో, పై రెప్ప నుంచో తీసి అతుకుతారు. చెంప జారి ఉంటే దాన్ని లోపలి నుంచి పైకెత్తి కుడతారు.

థైరాయిడ్ కంటికి వరస తప్పకూడదు. జబ్బు చల్లారి, కనీసం ఆరు నెలలు ఏ మార్పూ లేకుండా ఉండాలి. అవసరమైతే ముందు కంటి గూటి ఎముక తగ్గించి గుడ్డును వెనక్కి పంపడం, తర్వాత మెల్ల సరిచేయడం, చివరగా రెప్పలు. రెప్పతో మొదలుపెడితే తర్వాతి సర్జరీ ఆ పనంతా పాడుచేస్తుంది.

కమిలిన నలుపు రెండు వారాలకు పోతుంది. కుట్లు వారంలో తీస్తారు. అసలు ఆకారం తెలిసేది మూడు నుంచి ఆరు నెలలకు. మొదటి రెండు మూడు వారాలు బరువులెత్తొద్దు, పుష్కరిణిలో మునగొద్దు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కుతానని మొక్కుకుని ఉంటే సర్జరీకి ముందే తీర్చేసుకోండి. ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడుతుంటే దాచకుండా చెప్పండి. గుండె డాక్టరును అడగకుండా మీరే ఆపనూ కూడదు. రెండు కళ్లూ అచ్చు ఒకేలా రాకపోవచ్చు, కొస దగ్గర కొన్నాళ్లు నొక్కితే నొప్పి ఉండొచ్చు, ఏళ్ల తర్వాత మళ్లీ కొంచెం జారొచ్చు. సర్జరీ రాత్రి కన్ను రాయిలా గట్టిపడి, భరించలేని నొప్పి వచ్చి, చూపు తగ్గితే తెల్లారేదాకా ఆగకూడదు. లోపల రక్తం చేరిందేమో వెంటనే చూడాలి.

ముందు చేయించుకున్న సర్జరీ వికటిస్తే?

తొందరపడి రెండో సర్జరీకి పోకండి. మచ్చ మెత్తబడటానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఆలోపు పైకి మర్దన, చుక్కలు, అవసరమైతే ఇంజెక్షన్లు. వాపు దిగాక కొందరికి దానంతట అదే చాలావరకు సర్దుకుంటుంది. నల్లగుడ్డు ఎండి పుండు పడేట్టుంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, అప్పుడు ముందే చేస్తారు.

ఎక్కడ చూపించుకోవాలి?

కంటి డాక్టర్లలోనే రెప్పలు, కంటి గూడు, కన్నీటి దారులు చూసేవాళ్లు వేరే ఉంటారు. ఓక్యులోప్లాస్టీ నిపుణులంటారు. వెతకాల్సింది వాళ్లను. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ఆస్పత్రిలో కంటి విభాగం ఉంది, మొదటి పరీక్షకు, థైరాయిడ్ రక్తపరీక్షకు అక్కడికి వెళ్లొచ్చు. 1976లో మధురైలో వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ సంస్థ 2019లో తిరుపతికీ వచ్చింది. చిత్తూరువాళ్లకు వేలూరు అలవాటైన దారే. ఐడా స్కడర్ అక్కడ 1902లో తెరిచిన షెల్ ఆస్పత్రే తర్వాత సీఎంసీ కంటి విభాగమైంది. చెన్నై శంకర నేత్రాలయ, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ సంస్థల్లో ఓక్యులోప్లాస్టీ విభాగం ఎన్నో ఏళ్లుగా ఉంది. ఎక్కడికైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి, రెప్పల డాక్టర్ ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి.

బీమా మాటకొస్తే, అందం కోసమే చేసే సర్జరీకి ఆరోగ్య బీమా రాదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, లేదా వైద్యపరంగా తప్పదని డాక్టర్ ధ్రువీకరించిన చికిత్సకు ఐఆర్‌డీఏఐ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. కన్ను మూతపడకపోవడం, నల్లగుడ్డు ఎండటం, నీరు కారడం ఉంటే కేసు షీటులో అవి స్పష్టంగా రాయించుకోండి. తర్వాత రాయించడం కష్టం.

ఆస్పత్రికి పోయేటప్పుడు సెల్ఫీలు చూపించనక్కర్లేదు. పదో తరగతి హాల్‌టికెట్, పాత ఆధార్, పెళ్లి ఆల్బమ్, ఏదో ఒక దాంట్లోంచి పదేళ్ల కిందటి ఫోటో తీసుకెళ్లండి. ఆ ఫోటోలోనూ ఇదే తెలుపు ఉంటే తొందరేమీ లేదు, తీరిగ్గా ఆలోచించుకుని, ఇద్దరు డాక్టర్లను అడిగి నిర్ణయించుకోవచ్చు. ఆ ఫోటోలో లేకుండా ఈ ఏడాదిలో వచ్చిందైతే, ముఖ్యంగా ఒక కంటికే వస్తే, ఈ వారంలోనే వెళ్లండి.